ముందుకు వంగే అలవాటు

ఎత్తు నుంచి పడేటప్పుడు ఎలా పడాలో నాకు పటాలంలో ఏడు శీతాకాలాలు నేర్పారు. స్నానాల గదిలో గడ్డం గీసుకుంటూ నిలబడ్డవాడు ఉన్నట్టుండి పడిపోతే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆ చదువు దుబాయ్‌లో, నలభై ఏళ్ళు దగ్గర పడ్డాక, నాకు నేనే చదువుకోవలసి వచ్చింది.

ఇప్పుడు నయమే. ఎడమ చెవిలో కిరసనాయిలు స్టవ్వు మండుతున్నట్టు ఒక హోరు మిగిలింది. అది పోదట. పోకపోతే మానె, దాంతో కాపురం చెయ్యడం అలవాటైపోయింది. కానీ శుక్రవారం పూట మా బర్ దుబాయ్ ఫ్లాటుకు ఎవరో ఒకరు వచ్చి, "సత్యంగారూ, మావాడికి కూడా మీకొచ్చినట్టే తల తిరుగుతోందిట, మీరేం చేసేరండీ?" అని అడుగుతూనే ఉన్నారు. నేను డాక్టర్ని కాను, మందుల పేర్లు చెప్పను. నాకేం జరిగిందో, ఎంత భయపడ్డానో, పక్కన ఎవరు నిలబడ్డారో చెప్పగలను. భయపడుతున్నవాడికి, అంతకుముందు భయపడి బయటపడ్డవాడి మాట కాస్త పనికొస్తుందని నా నమ్మకం.

1981, మార్చి

అప్పటికి దుబాయ్ వచ్చి నాలుగేళ్ళు. పెద్ద భవనాలు కట్టే కంపెనీలో పరంజా ఫోర్‌మన్‌ని. ఇనప గొట్టాలు బిగించి, వాటి మీద చెక్కలు పరిచి, మిగతా పనివాళ్ళు నిలబడడానికి గాలిలో చోటు తయారుచెయ్యడం మా పని. కట్టిన పరంజా మీద మొదట నేను నడిచేవాణ్ణి. నేను ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, తల ఊపితేనే మిగతావాళ్ళు ఎక్కేవారు. అది కంపెనీ పెట్టిన రూలు కాదు, నేను పెట్టుకున్నది. దాని మీద నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

మా ఆవిడ మంగ దగ్గర్లోనే ఒక బట్టల షావుకారు ఇంట్లో వంట చేసేది. మాకు పిల్లలు లేరు. మూడో అంతస్తులో ఒక గది, బట్టలారేసుకునే చిన్న బాల్కనీ, ఇంకో రెండు కుటుంబాలతో కలిసి వాడుకునే వంటిల్లు. ఇద్దరమూ కోనసీమవాళ్ళం గనక ఆవకాయ జాడీ లేని ఇల్లు ఇల్లు కాదనుకునేవాళ్ళం.

ఆ శుక్రవారం పొద్దున గడ్డం సగం గీసుకున్నాను. అద్దంలో నా ముఖం ఎడమ పక్కకు జారిపోయింది. దాన్ని కళ్ళతో పట్టుకుని మధ్యకు తెచ్చుకునేలోగా మళ్ళీ జారింది. తరవాత గోడ, కొళాయి, దీపం, అన్నీ అదే దారి పట్టాయి. కొళాయిని రెండు చేతులా పట్టుకుని కూలబడ్డాను. ఎడమ చెవిలో నీళ్ళు నిండినట్టు బిగిసిపోయింది. కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేసింది. కళ్ళు మూసుకుంటే ఇంకా జోరుగా తిరిగింది.

మంగ తలుపు నెట్టుకుని వచ్చింది. "ఏటండీ ఇది! పైత్యం చేసిందండీ, నిన్న ఎండలో నిలబడ్డారు కదా" అని గోడకు ఆనించి కూచోబెట్టి, మజ్జిగలో నిమ్మకాయ పిండి, బాగా ఉప్పు వేసి తాగించింది. మధ్యాహ్నానికి తిరగడం ఆగింది. సాయంత్రానికి నవ్వుకున్నాం కూడా. సగం గడ్డంతో రోజంతా పడుకున్నానని.

ఎండదెబ్బ అనుకున్నాను. సైటులో వేసవి మొదలవగానే చెమట పట్టేవాళ్ళకు ఉప్పు బిళ్ళలు పంచుతారు. అందరూ ఒకటి మింగితే నేను రెండు మింగడం మొదలుపెట్టాను. ఇంట్లో ఉప్పు మజ్జిగ సరేసరి. ఒంట్లో ఉప్పు తగ్గి తల తిరుగుతోందని నా వైద్యం. రోగానికి నా చేతుల్తో నేనే మేత వేస్తున్నానని అప్పుడు తెలీదు.

అంతకుముందు

ఇక్కడ నా పాత కథ కొంత చెప్పాలి. చెప్పకపోతే తరవాత జరిగింది అర్థం కాదు.

నేను పటాలంలో ఉన్నప్పుడు స్కీ జంపింగ్ పోటీల్లో దూకేవాణ్ణి. మనవాళ్ళకు ఈ ఆట సంగతి చెప్పడం కష్టం. కొండ వాలు మీద మంచును తొక్కి గట్టిపరచి, కింద ఒక అంచు కడతారు. కాళ్ళకు పొడుగాటి స్కీలు బిగించుకుని పైనుంచి గొంతుక్కూర్చుని జారుతూ వచ్చి, అంచు దగ్గర లేచి గాలిలోకి వెళ్ళి, ఆవల దిగువన వాలాలి. ఎంత దూరం వెళ్ళావన్నది ఒక లెక్క. ఎంత నీటుగా వెళ్ళి దిగావన్నది ఇంకో లెక్క.

కోనసీమవాడికి మంచేమిటి, దూకుడేమిటి అంటారా? చిన్నప్పుడు మా ఊరి లాకుల మీద నుంచి కాలవలోకి దూకడంలో నాకు పేరుండేది. ఆ పేరుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. మాది ఇంజనీర్ల పటాలం. కాశ్మీరులో ఉండగా పోటీల కోసం ఆ మంచు అంచు కట్టే పని మా దళానికి పడింది. కట్టాక, దాని మీద మొదట ఎవరైనా దూకి చూడాలన్నారు. కట్టినవాళ్ళే దూకాలి, అప్పుడే ఒళ్ళు దగ్గర పెట్టుకుని కడతారని మా ఉస్తాద్ పద్ధతి. ఆయన గఢ్వాలీ సుబేదారు. నేను, బుద్ధి తక్కువై, చెయ్యెత్తాను.

మొదటిసారి వెల్లకిలా పడ్డాను. రెండోసారీ అంతే. ఎవరికైనా అంతే జరుగుతుంది. కాళ్ళ కింద నేల పోగానే మనిషి ఒళ్ళు వెనక్కి లాక్కుంటుంది. వెనక్కి లాక్కుంటే స్కీల ముక్కులు పైకి లేస్తాయి, గాలి వాటి కింద దూరి మనిషిని వీపు మీద పడేస్తుంది. దూకేవాడు చెయ్యాల్సింది సరిగ్గా తిరగేసి. చేతులు వెనక తొడల దగ్గర పెట్టుకుని, గడ్డం ముందుకు చాపి, తన కాళ్ళ స్కీల మీదికి తానే పడిపోతున్నట్టు వంగాలి. అప్పుడు గాలి మోస్తుంది. ఉస్తాద్ కింద నిలబడి గొంతు చించుకునేవాడు: "ఆగే ఝుక్, సత్యం! డర్ లగే తో ఔర్ ఆగే!" భయం వేస్తే ఇంకా ముందుకు వంగమని. నా ఒళ్ళు ఆ మాట వినడానికి రెండు శీతాకాలాలు పట్టింది. ఒకసారి విన్నాక మళ్ళీ మరిచిపోలేదు.

పటాలాల మధ్య పోటీల్లో మెడల్స్ వచ్చాయి. ఒక ఏడు మొత్తం మీద రెండోవాడిగా నిలిచాను. విదేశం పంపుతారని ఒక మాట పుట్టి, పుట్టినచోటే పోయింది. ఆఖరి శీతాకాలం దిగేటప్పుడు పక్కగాలి కొట్టి కుడి మోకాలు మెలితిరిగింది. ఉస్తాద్ నా స్కీలు తనే విప్పి, తుడిచి, గోడకు ఆనించాడు. అక్కడితో నా ఆట సరి. ఆ తరవాత కొన్నేళ్ళకు పటాలం నుంచి పెన్షన్ మీద వచ్చేసి, ఎత్తు మీద పని ఎక్కడ ఉందంటే అక్కడికి వచ్చాను.

సైటులో ఈ కథ చెబితే నవ్వేవారు. జగిత్యాల దగ్గరి మల్లేశం అనే కుర్రాడు మా ముఠాలో నా కుడిచెయ్యి. అల్ కుసైస్‌లో పనివాళ్ళ క్యాంపులో ఉండేవాడు. "ఏందన్నా, బరఫ్ మీదికెల్లి దునుకుడు సుత ఒక ఆటనా? పని లేదా గా సర్కారుకు?" అనేవాడు. నేనూ నవ్వేసేవాణ్ణి.

మే నెల

ఏప్రిల్లో ఒకసారి, మే మొదట్లో ఒకసారి మళ్ళీ వచ్చింది. రెండూ ఇంట్లోనే వచ్చాయి. ఇంక పైన ఉండగా రాదని ఏ ధైర్యంతో అనుకున్నానో తెలీదు. చెవి బిగిసిన రోజున దూరంగా ఏదో ఒక మసీదు మినారు మీద చూపు నిలిపి, దాన్ని వదలకుండా నడిచేవాణ్ణి. పనివాళ్ళు పలకరిస్తే తల తిప్పకుండా జవాబు చెప్పేవాణ్ణి. "అన్నకు గీమధ్య మెడ వట్టేసింది" అని మల్లేశం అందరికీ చెప్పాడు. నేను కాదనలేదు.

ఆ రోజు ఎనిమిదో అంతస్తు దగ్గర కొత్త పరంజా బిగించారు. పద్ధతి ప్రకారం నేను నడవాలి. నడుముకు బెల్టు ఉంది, కొక్కెం తగిలించలేదు. రెండు చెక్కలు దాటాను. చెవిలో హోరు ఒక్కసారి ఎత్తుకుంది. మినారు ఎడమ పక్కకు జారింది. కాళ్ళ కింద చెక్క లేనట్టయింది.

పక్కనే గొట్టం ఉంది. ఏ మనిషైనా దాన్ని పట్టుకుంటాడు, లేదా వెనక్కి కూలబడతాడు. నా చేతులు రెండూ వెనక్కి తొడల దగ్గరికి వెళ్ళిపోయాయి. గడ్డం ముందుకు చాచుకుంది. నా ఒళ్ళు మొత్తం ఖాళీలోకి వంగింది. ఆ క్షణంలో నాకు భయం కూడా వెయ్యలేదు. ఇదే సరైన పని అనిపించింది.

వెనక నుంచి ఎవరో బెల్టు పట్టుకుని లాగారు. చెక్కల మీద వెల్లకిలా పడ్డాను. మల్లేశం నా మీద అడ్డంగా పడి, గొట్టానికి కాళ్ళు మెలిపెట్టి, బిగపట్టుకున్నాడు. నేను అతని చొక్కా మీదే కక్కాను. నన్ను తాళ్ళతో కిందికి దింపారు.

ఆ సాయంత్రం మల్లేశం ఫ్లాటుకు వచ్చాడు. మంగ నీళ్ళు తెచ్చేలోగా మంచం పక్కన కూచుని గొంతు తగ్గించాడు. "అన్నా, ఎందుకు దునుకవోయినవ్? నాకన్న జెప్పు."

"దూకలేదురా. తల తిరిగింది."

"నాకు అబద్ధం జెప్పకు. నా కండ్లతోని సూసిన. పడేటోడు చేతులు ఆడిస్తడు, దేన్నన్న దొరకవడ్తడు. నువ్వు చేతులు ఎనకకు వెట్టుకున్నవ్. మా క్యాంపుల నా దోస్తు గిట్లనే పోయిండు. గా పొద్దు నేను పక్కపొంటి లేను. గందుకే అడుగుతున్న."

నేను మంచు సంగతి, ఉస్తాద్ సంగతి చెప్పబోయాను. నా చెవులకే అది కట్టుకథలా వినిపించింది. మల్లేశం తల ఊపాడు గానీ నమ్మలేదు. గుమ్మంలో గ్లాసుతో మంగ నిలబడి ఉంది. అంతా విన్నదని ముఖం చూడగానే తెలిసింది.

జూన్

కింద నిలబడ్డవాళ్ళందరూ అదే చూశారు. ఫోర్‌మన్ సత్యం పైనుంచి దూకబోయాడని సైటంతా పాకింది. మా ముదీర్, అంటే మేనేజరు, లెబనాన్ ఆయన, చెడ్డవాడు కాదు. ఆఫీసులో కూచోబెట్టి టీ ఇప్పించి, వచ్చీ రాని హిందీలో అడిగాడు. "యా సత్యం, సాఫ్ బోలో. ఘర్ మే ముష్కిల్?"

ఇంట్లో ఏ ముష్కిలూ లేదని, తల తిరిగిందని చెప్పాను.

"డాక్టర్ బోలేగా కాన్, మాఫీ ముష్కిల్. డాక్టర్ బోలేగా దిమాగ్, ఖలాస్. హింద్." చెవి జబ్బయితే ఉండు, బుర్ర జబ్బయితే ఇండియాకు పో అని. ఈద్ పండగ దాటేలోగా తేల్చుకోమన్నాడు. చావబోవడం ఇక్కడ నేరం, సంగతి పోలీసులదాకా వెళ్ళకుండా ఆపింది కూడా ఆయనే అని తరవాత తెలిసింది. అందాకా నన్ను పరంజా మెట్ల దగ్గరికి కూడా వెళ్ళనివ్వొద్దని వాచ్‌మన్‌కు చెప్పి పెట్టాడు.

ఆ రోజు ఇంటికి వస్తే మా పెద్ద ట్రంకుపెట్టె బాల్కనీ తలుపుకు అడ్డంగా ఉంది. దాని మీద బియ్యం మూట. బట్టలన్నీ గదిలోనే తాడు కట్టి ఆరేసి ఉన్నాయి.

"ఇదేంటి మంగా?"

"ఏం లేదండీ. దుమ్మొస్తోంది."

నాకు ఒళ్ళు మండింది. "నేను చచ్చిపోదామనుకున్నానని నువ్వూ అనుకుంటున్నావా?" అని అరిచాను.

తను అరవలేదు. తడిచీర కొంగు పిండుకుంటూ, "పిల్లాజెల్లా లేరని ఎప్పుడూ అననైనా అనరు మీరు. లోపల ఏం పెట్టుకున్నారో నాకేం తెలుసండీ?" అంది. "నేను ఆ ఇంట్లో కూర తరుగుతుంటే ఇక్కడ మీరేం చేస్తున్నారో అని చేతులు ఆడట్లేదు. రెండుసార్లు వేలు కోసుకున్నాను, చూడండి."

చూశాను. పెళ్ళయిన పదిహేనేళ్ళలో నా మాట నమ్మని రోజు తనకు అదే మొదలు.

అంతకన్నా చెప్పడానికి కష్టమైన సంగతి ఇంకోటి ఉంది. కొన్నాళ్ళకు నాకే అనుమానం వచ్చింది. ఆ క్షణంలో భయం వెయ్యలేదు కదా, ఇదే సరైన పని అనిపించింది కదా, అంటే నిజంగా నాలో ఏదో పోదామనుకుందా? నా ఒళ్ళు నాకు తెలీకుండా ఏదైనా నిర్ణయించుకుందా? ఆ నెల రోజులూ నేను గోడ పక్కనే నడిచాను. కిటికీ దగ్గరికి వెళ్ళడానికి భయం. రోడ్డు దాటడానికి భయం. తల తిరుగుడు కంటే ఆ భయం పెద్దది. ఈ మాట ఎవరితోనూ అనలేదు.

మల్లేశం ప్రతి శుక్రవారం క్యాంపు నుంచి వచ్చి మా గుమ్మంలో కూచునేవాడు. నన్నేమీ అడిగేవాడు కాదు. మంగకు ఉల్లిపాయలు తరిగి పెట్టేవాడు, నాతో పేకాట ఆడేవాడు, చీకటి పడేముందు వెళ్ళిపోయేవాడు. కాపలా కాస్తున్నాడని నాకు తెలుసు. ఒకసారి విసుక్కుంటే, "నాకు గా క్యాంపుల పొద్దువోతలేదన్నా" అన్నాడు. ఆటలో నన్ను గెలవనిచ్చేవాడు, అది మాత్రం నాకు నచ్చేది కాదు.

జూలై, రంజాన్

సర్కారు ఆసుపత్రికి మొదటిసారి వెళ్ళినప్పుడు రక్తపోటు చూసి బిళ్ళలిచ్చి పంపారు. రెండోసారి తలకు ఎక్స్‌రే తీశారు. వారం తరవాత రమ్మన్నారు. ఆ వారం అంతా తలలో గడ్డ ఉందనే అనుకున్నాను. గడ్డ ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను, దూకబోయినవాడు అన్న పేరైనా పోతుందని. మనిషి ఎంత వెర్రివాడవుతాడో చూడండి.

వారం తరవాత వెళ్ళాం. అక్కడ మగవాళ్ళ వైపు వేరు, ఆడవాళ్ళ వైపు వేరు, మధ్యన చెక్క అడ్డం. మంగ అటు, నేను ఇటు. కాసేపటికొకసారి తను అడ్డం మీద వేళ్ళతో తట్టేది. నేను తిరిగి తట్టేవాణ్ణి. తట్టడం ఆలస్యమైతే అటునుంచి "ఏవండీ" అని వినిపించేది.

అక్కడే మళ్ళీ వచ్చింది. నేలకు వేసిన గళ్ళన్నీ ఎడమకు పరుగెత్తాయి. బెంచీ పట్టుకుని వంగిపోతుంటే పక్కనున్న ముసలాయన, తెల్ల కందూరా వేసుకున్న అరబ్బు ఆయన, తన అరచెయ్యి నా రొమ్ము మీద పెట్టి వెనక్కి, గోడకు నొక్కి పట్టాడు. అంత ముసలి చేతిలో అంత బలం ఎక్కడిదో! నోరు పిడచకట్టుకుపోయింది. రోజా నెల, పగటిపూట ఎవరి ఎదటా నీళ్ళు తాగకూడదు. ఆయన నా పెదాలు చూసి లేచి వెళ్ళి కాగితం గ్లాసులో నీళ్ళు తెచ్చాడు. తన తలమీది గుడ్డ తీసి నా ముందు తెరలా పట్టుకున్నాడు. తను ఉపవాసం. గొంతులో నీళ్ళు దిగుతున్న చప్పుడు ఆయనకు వినిపిస్తుందేమోనని సిగ్గుపడుతూ తాగాను. "ఇష్రబ్, ఇష్రబ్" అన్నాడు, తాగమని. బట్టతల మీద చెమట. ఆయన పేరు అడగాలన్న జ్ఞానం కూడా లేకపోయింది నాకు.

ఈ గొడవలో నేను అడ్డం మీద తట్టలేదు. మంగ ఆడవాళ్ళ వైపు నుంచి లేచి నేరుగా మగవాళ్ళ వైపుకు వచ్చేసింది. నర్సు ఆపబోతే, "నా మొగుడమ్మా, ఆయ్, నేనొస్తాను" అని తెలుగులోనే చెప్పి దాటింది. ఆ గొంతు విని నర్సు పక్కకు తప్పుకుంది.

చెవి డాక్టరు హైదరాబాదు ఆయన. "తెలుగుల చెప్పండి, నాకు వస్తది" అన్నాడు. ఎక్స్‌రేలో గడ్డ లేదని మొదటే చెప్పేశాడు. మేం ఊపిరి పీల్చుకునేలోగా, "మరి పైనుంచి దునకవోయిండ్రని కంపెనీవాళ్ళు ఫోన్ జేసిండ్రు. అదేంది?" అని సూటిగా అడిగాడు.

చెప్పాను. లాకులు, మంచు, ఉస్తాద్, చేతులు వెనక్కి పెట్టుకోవడం, అన్నీ. ఆయన నవ్వలేదు. మంగను బయటికి పొమ్మనలేదు. "ఒక పరీక్ష జేస్తా. మీకు గా చక్కర్ మల్లొస్తది, నేనే తెప్పిస్తా. రెండు నిమిషాలల్ల పోతది. అమ్మా, నువ్వు ఈడనే నిలబడు, మంచిగ చూడు" అన్నాడు.

పడుకోబెట్టి ఎడమ చెవిలో చల్లటి నీళ్ళు పోశారు. ఏమంత తిరగలేదు. ఆ చెవి సగం చచ్చిపోయిందట, నీళ్ళు పోసినా పలకదట. తరవాత కుడి చెవిలో పోశారు. గది మొత్తం ఊడి తిరిగింది. ఆయన చిన్నగా లేపి కూచోబెట్టి, "కళ్ళు మూసుకో" అన్నాడు. నేను బల్ల అంచు గట్టిగా పట్టుకుందామనే అనుకున్నాను. ప్రమాణం చేసి చెబుతున్నాను, పట్టుకుందామనే అనుకున్నాను.

చేతులు బల్ల వదిలేశాయి. వెనక్కి, తొడల దగ్గరికి వెళ్ళాయి. గడ్డం ముందుకు చాచుకుంది. డాక్టరు రెండు చేతులా నా భుజాలు ఆపి పట్టుకున్నాడు, లేకపోతే నేల మీద ఉండేవాణ్ణి.

"చూసినవా అమ్మా?" అన్నాడాయన. "ఇక్కడ దునకనీకి ఏముంది? రెండడుగుల బల్ల. ఆయన సావనీకి పోతలేడు. పడకుండ ఉండనీకి ఆయన ఒంటికి తెల్సిన తరీక గిదొక్కటే."

మంగ నా చేతుల్ని పట్టుకుని వెనక నుంచి ముందుకు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నన్ను నేను చంపుకోబోలేదని నాకు కూడా అప్పుడే తెలిసింది. పక్కన నర్సు మా ఇద్దరికీ దూది ఇచ్చింది, రుమాలు దొరక్క.

ఆఖరున, "ఉప్పు ఎంత తింటరు?" అని అడిగాడు. బిళ్ళల సంగతి, మజ్జిగ సంగతి, ఆవకాయ సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. ఇది చెవి లోపల నీరు పెరిగే జబ్బట, దీనికి ఉప్పే విరోధి అట. మంగ నాకేసి చూసింది. నేను మంగకేసి చూశాను. నెలల తరబడి ఒకరికొకరం ప్రేమగా పెట్టుకున్నది అదే.

ఇంటికి వచ్చాక తను చెప్పులు కూడా విప్పకుండా బియ్యం మూట దించి, ట్రంకుపెట్టె పక్కకు జరిపి, బాల్కనీ తలుపు తీసింది. లోపల ఆరేసిన బట్టలన్నీ తీసుకెళ్ళి ఎండలో వేసింది.

ఈద్ తరవాత

డాక్టరు మాట విని ముదీర్ "మాఫీ ముష్కిల్" అన్నాడు గానీ, పైకి పంపలేదు. పంపినా నేను ఎక్కేవాణ్ణి కాదు. కింద గొట్టాలు, బిగింపులు పరీక్షించి పంపే పని ఇచ్చారు. పరంజా మీద మొదట నడిచే పని మల్లేశానికి వచ్చింది. మొదటిరోజు కింద నిలబడి చూస్తుంటే నా అరికాళ్ళకు చెమటలు పట్టాయి. కొక్కెం తగిలించుకోమని కింది నుంచి అరిచాను. "తలిగిచ్చిన్నే! నీ లెక్క మొండోన్ని కాదు!" అని పైనుంచి జవాబు వచ్చింది.

ఉప్పులేని కూడు ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ఆవకాయ జాడీని మంగ పక్కింటివాళ్ళకు ఇచ్చేసి, తనూ మానేసింది. "నువ్వెందుకు మానడం?" అంటే, "వాసనొస్తే మీరు ఊరుకుంటారా?" అంది. ఆ తరవాత నాలుగైదుసార్లు వచ్చింది తల తిరుగుడు, ప్రతిసారీ కొంచెం తక్కువగా. వచ్చినప్పుడు ఏం చెయ్యాలో డాక్టరు చెప్పింది ఒకటే. వెనక్కి ఆనుకో, కూచో. అంత చిన్న పని. పొద్దున్నే గదిలో నిలబడి కళ్ళు మూసుకుని, వెనక గోడ ఉందని నమ్మి, దాని మీదికి ఆనుకోవడం అభ్యాసం చేసేవాణ్ణి. మంగ పక్కన నిలబడి, "వెనక్కండీ, వెనక్కి" అనేది. నేను ముందుకు వెళ్ళేవాణ్ణి. ఒకసారి అల్మారాకు ముక్కు తగిలి రక్తం వచ్చింది. ఇది నేర్చుకోవడం ఆ మంచు మీద దూకుడు కంటే కష్టమైంది. అప్పుడు ఒళ్ళు వయసులో ఉంది. పైగా అది నేర్చుకుంటే మెడల్ ఇచ్చేవారు.

డిసెంబరు

చెవి జబ్బు వచ్చాక నేను అబ్రా ఎక్కలేదు. మా వైపు నుంచి దేరా వైపుకు, మధ్యనున్న సముద్రపు పాయ దాటించే చెక్క పడవ అది. చుట్టూ అడ్డం ఏమీ ఉండదు. మధ్యలో ఒక పొడుగాటి పెట్టె ఉంటుంది, దాని మీద జనం వీపులు కలిపి, సగం అటు, సగం ఇటు తిరిగి నీళ్ళకేసి చూస్తూ కూచుంటారు. కాళ్ళ ముందు ఒక బెత్తెడు చెక్క, ఆ తరవాత నీళ్ళే. దేరాలో పని పడితే నేను టాక్సీలో వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి.

చలికాలం వచ్చింది. ఒక శుక్రవారం మంగ చీర మార్చుకుని, "దేరా వెళ్దామండీ, పడవలో" అంది. వద్దన్నాను. "అయితే నేనొక్కదాన్నే వెళ్తాను" అని చెప్పులేసుకుంది. వెనకాలే వెళ్ళక తప్పలేదు.

తను వెళ్ళి అటువైపు కూచుంది. నేను ఇటువైపు, సరిగ్గా తన వెనక. పడవ కదిలింది. నేను ఎదురుగా ఉన్న ఒక మినారు చూసుకున్నాను. సగం దూరంలో సరుకుల పడవ ఒకటి మా పక్కనుంచి పోయింది. దాని అల వచ్చి కొట్టింది. పడవ నీళ్ళ వైపుకు ఒరిగింది, మినారు ఎడమకు జారింది, చెవిలో స్టవ్వు భగ్గుమంది.

నా చేతులు వెనక్కి వెళ్ళాయి. గడ్డం ముందుకు చాచుకోబోయింది.

చేతులకు మంగ చీర తగిలింది. ఆగాను. ఊపిరి వదిలాను. వెనక గోడ ఉందని నమ్మినట్టే, ఉన్న బరువంతా తన వీపు మీదికి వదిలేశాను. తన వెన్నెముక నా వెన్నెముకకు గట్టిగా తగిలింది. ఒరిగిన పడవ ఇటు వచ్చింది, మళ్ళీ అటు వెళ్ళింది. నేను మాత్రం అక్కడే ఉన్నాను. కాసేపటికి మినారు వెనక్కి వచ్చి తన చోట నిలబడింది.

"ఏవండీ" అంది మంగ, తల తిప్పకుండా. "ఈ బరువు నేను మొయ్యలేనండి బాబూ. కాస్త ముందుకు వంగండి."

నేను వంగలేదు.